పుట్టి వడ్లు, 18 అంకణాల ఇల్లు

2023 డిసెంబరులో మా హైదరాబాదు ఇంటి ఓనరు పైకి వచ్చి, జనవరి నుంచి అద్దె 15,000 అని చెప్పి, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా దిగి వెళ్లిపోయాడు. అప్పటికి 13,500 కడుతున్నాం. మూసాపేటలో మూడో అంతస్తు, రెండు గదులు, లిఫ్టు లేదు. మా ఆయన ఏసీ, ఫ్రిజ్ మెకానిక్. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడు, మోకాళ్ల నొప్పులతో మా అత్త. ఆ మెట్లన్నీ దిగి ఆవిడ నేల మీద కాలు పెట్టేది నెలకొక్కసారే, అదీ బీపీ చూపించుకోవడానికి.

ఊరికి వెళ్లిపోదాం అనే మాట మా ఇంట్లో కొత్తదేం కాదు. ప్రతి సంక్రాంతికీ వెళ్లేటప్పుడు అనుకుంటాం, తిరుగు రైల్లో ఒంగోలు దాటేసరికి మర్చిపోతాం. మా ఆయనది ఉదయగిరి వైపు పల్లె, మా పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. రెండు పల్లెల్లోనూ మా ఆయనకు పని దొరకదు. పల్లెలో ఎన్ని ఏసీలుంటాయి, బాగు చేయడానికి! కాబట్టి పల్లె కాదు, నెల్లూరు కాదు, మధ్యలో ఏదో ఒక ఊరు. ఆ ఊరేదో తేలడానికి ఆరు నెలలు పట్టింది.

ముందు లెక్క రాయడం మొదలుపెట్టాను. అమ్మాయి పాత నోటుపుస్తకంలో వెనక మిగిలిన పేజీల్లో, జనవరి నుంచి మార్చి దాకా పైసాతో సహా. మా ఆయన రాబడి నెలకు సగటున 32,000, నా కుట్టు ఆరేడు వేలు. అద్దె, మెయింటెనెన్సు, ట్యాంకర్ నీళ్ల వాటా కలిపి 16,800. పిల్లల ఫీజులు ఏడాదికి 92,000, స్కూలు ఆటో నెలకు 2,400. ఇవన్నీ తెలిసినవే. నాకు తెలియంది కర్రీ పాయింటు. జాకెట్ల పని ఎక్కువైన రోజు "ఒక్క పూటేగా" అని తెప్పించిన కూరలు ఫిబ్రవరిలో 1,900 అయ్యాయి. మా అత్త ఆ పేజీ చదవమని, విని, "మీ మామయ్య పోయిన ఏడు మన ఇంటికి నెలంతా కలిపి ఇంత కాలేదే" అంది. ఆవిడ లెక్క ఇరవై ఏళ్ల కిందటిది, అయినా గుచ్చుకుంది.

ఊళ్లు చూడటానికి ఇద్దరం వెళ్లేవాళ్లం. శనివారం రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం, ఆదివారం తిరిగి, మళ్లీ రాత్రికి రైలు. పిల్లలు అత్త దగ్గర. నాలుగుసార్లు తిరిగాం.

మొదట కనిగిరి. మా అత్తకు వరసకు తమ్ముడొకాయన అక్కడున్నాడు, మూడు గదుల ఇల్లు 3,500కే ఇప్పిస్తానన్నాడు. ఒంగోలులో దిగి పొదిలి మీదుగా బస్సులో వెళ్లాం. ఇల్లు బాగుంది, వెనక వేపచెట్టు కూడా ఉంది. అద్దె విని నేను మనసులో సామాను సర్దేశాను. ఆయన మనవడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి నవ్వాడు. పదేళ్లవాడు. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఆ వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే, కానీ వినడం వేరు, మన కొడుకు ఈడు పిల్లవాడి నోట్లో చూడటం వేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. కాచితే పోయేది కూడా కాదు, నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. వాళ్లు తాగడానికీ వంటకీ క్యాన్ నీళ్లే వాడుతున్నారు. మా అయిదుగురికి లెక్కేసుకుంటే రోజుకు రెండు క్యాన్లు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తే బాధ తీరుతుందని ఆయన అన్నాడు. దానికి శంకుస్థాపన జరిగింది 1996లో, అప్పటికి నాకు పెళ్లే కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన అన్నమాట ఒక్కటే: "అద్దెలో మిగిలింది ఆసుపత్రిలో పోద్ది."

సింగరాయకొండ నచ్చింది. రైలుంది, హైవే ఉంది, ఒంగోలు దగ్గర. కానీ మేము వెళ్లిన రోజు చూపించిన ఇళ్లు రెండే, రెండూ మేడ మీదవి. అత్తను మళ్లీ మెట్లెక్కించడానికి ఇంత దూరం రావడం ఎందుకు? బుచ్చి మా పుట్టింటికి దగ్గర కాబట్టి నేను గట్టిగా పట్టుబట్టాను. కనిగిరి రిజర్వాయరు కూడా అక్కడే ఉంది (కనిగిరి ఊరు ఒక జిల్లాలో, ఆ పేరుతో చెరువు ఇంకో జిల్లాలో, కొత్తవాళ్లు తికమకపడతారు). నీళ్లకు లోటు లేదు. అయితే నెల్లూరు మరీ దగ్గర కావడంతో అద్దెలు నెల్లూరుతో పోటీ పడుతున్నాయి, రైలేమో లేదు. మూడు మైళ్లలో పుట్టిల్లుంటే నేను కుట్టుమిషను ముందు ఎన్నాళ్లు కూర్చుంటానో కూడా చెప్పలేను. ఆ మాట మా ఆయన అనలేదు, నాకే తోచింది.

చివరికి కావలి. రైలు స్టేషను, హైవే, ఏరియా ఆసుపత్రి, నడిచి వెళ్లేంత దూరంలో హైస్కూలు. కింద పోర్షను, రెండు గదులు, ఒక హాలు, 5,500. మునిసిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు. మా ఆయనకు ఇంకొకటి కనబడింది. అల్లూరు, విడవలూరు వైపు సముద్రం పొడుగునా రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలుంటే ఐసు కావాలి, ఐసు ఉంటే కంప్రెసర్లు ఉంటాయి. కంప్రెసరన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెడిపోక తప్పదు.

తొందరపడటానికి మరో కారణం అమ్మాయి చదువు. ఇంటర్ తర్వాత సీట్లకు లోకల్ అనేది చూసేటప్పుడు చివరి నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారో చూస్తారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. నెల్లూరు జిల్లా ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి. హైదరాబాదులో తొమ్మిది మొదలుపెట్టి మధ్యలో మారితే పిల్ల రెండు చోట్లా చిక్కుల్లో పడేది. 2024 జూన్‌లో టీసీలు తీసుకుని, ఎనిమిదో తరగతికి ఇక్కడ ప్రభుత్వ హైస్కూల్లో చేర్చాం. మొదటి వారం పిల్ల మాతో మాట్లాడలేదు. రెండో వారం తుమ్మలపెంట బీచికి ఎప్పుడు తీసుకెళ్తారని అడిగింది.

మొదటి మూడు నెలలు చాలా టెన్షన్ పడ్డాం. జూలైలో మా ఆయన రాబడి 14,000. వేసవి అయిపోయాక వచ్చాం, ఎవరూ ఎరగరు, ట్రంకు రోడ్డులో ఒక షాపువాళ్లు పిలిస్తేనే పని. నా కుట్టు మాత్రం రెండో నెలకే నిలబడింది. జాకెట్టుకు ఇక్కడ రేటు తక్కువే అయినా పెళ్లిళ్ల సీజన్లో గుట్టలుగా వస్తాయి. ఐసు ఫ్యాక్టరీ పని దసరా దాటాక ఒకటి దొరికింది, దాన్నుంచి ఇంకొకటి. మరుసటి వేసవికి నెలకు 28,000కు చేరాడు. హైదరాబాదు కంటే తక్కువే, దాచను.

ఎవరూ ముందుగా చెప్పని ఖర్చొకటి ఉంది. చుట్టాలకు దగ్గరగా వస్తే చదివింపులు పెరుగుతాయి. హైదరాబాదులో ఉన్నప్పుడు "రాలేకపోయాం" అంటే సరిపోయేది. ఇక్కడ మొదటి ఆరు నెలల్లో 11 శుభకార్యాలు. పెళ్లిళ్లు, ఓణీలు, గృహప్రవేశాలు, ఒక చెవులు కుట్టించడం కూడా. 500కు తక్కువ రాయిస్తే మైకులో చదివేటప్పుడు తల దించుకోవాలి. పుస్తకంలో దానికి వేరే పేజీ పెట్టాల్సి వచ్చింది.

ఈ ఊరు మాకు బాగా కలిసొచ్చింది బియ్యం దగ్గర. హైదరాబాదులో నెలకు 26 కిలోల బస్తా ఒకటిన్నర. (25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 2022 జూలైలో జీఎస్టీ వచ్చాక, బస్తాలు ఒక కిలో లావెక్కాయి. మన వ్యాపారులకు ఎవరూ నేర్పక్కర్లేదు.) 2025 ఏప్రిల్‌లో మా చిన్నాన్న కోతలు అయ్యాయి. మా వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. ఆ సీజనుకు గ్రేడ్ ఏ మద్దతు ధర క్వింటాలుకు 2,320, అంటే పుట్టి 19,720. కళ్లంలోకి వచ్చిన దళారి అంతకు బాగా తగ్గించి అడుగుతున్నాడు. "వాడడిగే రేటుకు వాడికిచ్చే బదులు మా అమ్మాయికి ఇచ్చుకుంటా" అన్నాడు చిన్నాన్న. నేను ఆ 19,720 పూర్తిగా ఇచ్చాను. ఆయనకు దళారి ధర కంటే ఎక్కువ, నాకు కొట్టు ధర కంటే తక్కువ.

కొత్త వడ్లు వెంటనే ఆడిస్తే అన్నం ముద్దవుతుందని, అవి చిన్నాన్న కొట్టంలోనే నాలుగు నెలలు ఉన్నాయి. ఆగస్టులో ఆడించాం. పుట్టికి 550 కిలోల బియ్యం దిగాయి, నూకలు, తవుడు వేరుగా. మిల్లు కూలి, ఆటో కలిపి 2,000. కిలో 39 రూపాయల యాభై పైసలు పడింది. అదే రకం కొట్లో బస్తా 1,450, అంటే కిలో 56 దగ్గర. ఆ పుట్టి మీద తొమ్మిది వేలు మిగిలినట్టు. మా అత్త మిల్లులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. బియ్యం జారే చోట చెయ్యి పెట్టి, నాలుగు గింజలు పంటి కింద వేసి కొరికి, "ఇంకా పచ్చిగానే ఉండాయి, నెలాగి వండు" అని తీర్పు చెప్పింది. తవుడు పక్కింటి బర్రెలకు పోతుంది, బదులుగా వారానికి రెండుసార్లు మజ్జిగ వస్తుంది. బస్తాల మధ్య ఎండు వేపాకు వేశాం, అయినా ఒకదానికి పురుగు పట్టింది.

ఇల్లు కొనడం సంగతి. వచ్చిన మొదటి ఏడాది కొనకూడదని అనుకున్నాం. ఆ మాట మీద నిలబడలేదు, అందుకే దెబ్బ తిన్నాం.

2025 జనవరిలో ఒక బ్రోకరు హైవే పక్కన ప్లాట్లు చూపించాడు. రామాయపట్నం పోర్టు వస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఇక జన్మలో కొనలేరు అన్నాడు. ఆ పోర్టు పేరు చెప్పి ఇక్కడ టీ బంకు జాగా కూడా అమ్ముతారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపించాడు, శుభ్రంగా ఉంది. మా ఆయన 25,000 టోకెన్ ఇచ్చేశాడు. మరుసటి ఆదివారం అత్తకు చూపిద్దామని తీసుకెళ్తే, రాళ్లు పాతిన చోటుకు అడ్డంగా ఒక పెద్దాయన బర్రెలు తోలుకొస్తున్నాడు. "ఇది ప్లాటు కదా తాతా" అంటే ఆయన నవ్వి, "ఏం ప్లాటమ్మణ్ణీ, ఇది డొంక. మా నాయన కాడ్నించి బర్రెలు ఈ దోవనే పోతా ఉండాయి" అన్నాడు. సోమవారం గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగితే మ్యాపులో డొంక ఉంది. ఆ సర్వే నంబరులో కొంత భాగం 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో ఉంది. ఆ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. మేము చూడలేదు. ఈసీలో చేతులు మారిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు కనిపిస్తాయి కానీ ఆ నేల అమ్మకూడనిదో కాదో దానికి తెలియదు. బ్రోకరు చుట్టూ రెండు నెలలు తిరిగితే 15,000 వెనక్కి ఇచ్చాడు. మిగతా పది వేలు పుస్తకంలో ఏ పేజీలో రాయాలో తెలియక, చదివింపుల్లో రాశాను.

ఆ తర్వాత చవకగా వచ్చినవి చాలా ఉన్నాయి. ఒక కాలనీ ఇల్లు 6 లక్షలే, కానీ ప్రభుత్వం ఇచ్చిన పట్టా. "రిజిస్ట్రేషన్ కాదు, స్టాంపు పేపరు మీద రాసుకుందాం, అందరూ అట్లానే కొంటున్నారు" అన్నారు. కొంటున్నారు నిజమే. మేము వద్దనుకున్నాం.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది కదా, దాంతో నాకు కాళ్లొచ్చాయి. ఆధార్‌లో అడ్రసు అప్పటికే ఇక్కడికి మార్పించుకున్నాను, కండక్టరు అది చూసి సున్నా టికెట్టు ఇచ్చేది. ఇళ్లు చూడటానికి, కాగితాలకు, నెల్లూరులో అత్త చెకప్‌కు పైసా ఖర్చు లేకుండా తిరిగాను. నేను అడిగే మొదటి ప్రశ్న ధర కాదు, "2021 నవంబరులో నీళ్లు ఎందాకా వచ్చాయి?" అని. ఆ వానలకు పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది, ఇక్కడ చిన్న వాగులు కూడా ఇళ్లలోకి వచ్చాయి. అమ్మేవాళ్లు ఈ ప్రశ్నకు ఆకాశం వంక చూస్తారు. ఎదురింటి వాళ్లు మాత్రం గోడ మీద గుర్తు చూపిస్తారు.

చివరికి దొరికింది ఒక రిటైర్డ్ టీచరు ఇల్లు. ఆయన బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. 1990ల్లో వేసిన చిన్న మిద్దె, 18 అంకణాలు, అంకణం 80 వేల లెక్కన 14 లక్షల 40 వేలు. నేలకే ధర, ఇల్లు ఊరికే వచ్చినట్టు. తిరుపతి పక్క పల్లెలో ఉన్న మా చెల్లెలి మొగుడు ఫోనులో కేకలేశాడు: "మా కాడ అంకణం 35 వేలే వదినా, నిన్ను ముంచుతా ఉండారు!" వాళ్ల అంకణం 36 చదరపు అడుగులు, మాది 72. రెండింతలు చేస్తే వాళ్లదీ 70 వేలు. అప్పటి నుంచి ఎవరితో మాట్లాడినా గజాల్లో చెబుతున్నా. మాది 144 గజాలు, ఇంచుమించు 3 సెంట్లు.

ఈసారి కాగితాలు ఒక్కటీ వదలలేదు. ఆన్‌లైన్ ఈసీలో 1983 నుంచే దొరుకుతాయి. టీచరుగారికి అమ్మినాయన కొన్నది 1974లో, కాబట్టి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాతది చేత్తో రాయించి తీసుకున్నాం. లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), 22ఏ, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు అన్నీ చూశాం. హద్దులు టేపు పెట్టి మా ఆయనే కొలిచాడు, ఉత్తరం వైపు అడుగున్నర తగ్గింది. టీచరుగారు నిజాయితీపరులు, పక్కింటాయన్ని పిలిచి ముందే తేల్చారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర. మాకు 1,08,000 అయింది. తక్కువ ధర రాయిద్దామని డాక్యుమెంటు రైటరు అన్నాడు, ఒప్పుకోలేదు.

డబ్బు ఎలా కూడిందంటే, ఊళ్లో మా ఆయన వాటా పొలం వాళ్లన్నే తీసుకుని 6 లక్షలిచ్చాడు. చీటీ, దాచింది కలిపి నాలుగున్నర. నా బంగారం మీద మూడు. మా అక్క చేబదులు రెండు. బ్యాంకు హోమ్‌లోన్ అడిగాం, ఐటీ రిటర్నులేవీ అన్నారు. చేతి పనివాళ్లకు ఆ ప్రశ్న దగ్గరే కథ ఆగిపోతుంది. సెప్టెంబరులో వేలిముద్రలు వేసి వచ్చాక చేతిలో రెండు వేలు మిగిలాయి. దాంతో పాలు పొంగించాం.

సున్నం కూడా వేయించకముందే అక్టోబరు చివర్లో మొంథా తుఫాను. రెండు రోజులు ఎడతెగని వాన. వీధిలో నీళ్లు వచ్చాయి, ఎదురింటావిడ చూపించిన గుర్తుకు చాలా కిందనే ఆగాయి. అది చూసి నేను కాస్త గర్వంగా లోపలికి వచ్చేసరికి, మిద్దె మెట్ల మూల నుంచి ధారగా కారుతోంది, సరిగ్గా బియ్యం బస్తాలు పెట్టిన గదిలో. కరెంటు లేదు. మా ఆయన ప్లాస్టిక్ పట్టా తీసుకుని పైకెక్కాడు, పిల్లలిద్దరూ సెల్‌ఫోను లైటు పట్టుకున్నారు. నేనూ అత్తా బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చి హాల్లో మంచాల మీదికి ఎక్కించాం. మోకాళ్ల నొప్పులావిడ నాకంటే ముందే ఎత్తుతోంది. అన్నీ సర్దేసరికి రెండు మంచాలూ నిండిపోయాయి. ఆ రాత్రి బియ్యం మంచం మీద పడుకుంది, అయిదుగురం కింద చాప మీద పడుకున్నాం.